మొక్కను చంపేది ఏది? ఏకవార్షికాలు, ద్వివార్షికాలు, బహువార్షికాల చిక్కుముడి

జనవరిలో విజయవాడ నర్సరీల ముందు పెటూనియా కుండీలు కనిపిస్తే ఆగకుండా ముందుకు పోలేం. ఊదా, తెలుపు, గులాబీ రంగుల పూలు కుండీ అంచులు దాటి కిందికి వేలాడుతుంటాయి. నాలుగు కొని మిద్దె మీద పెట్టుకుంటే శివరాత్రి దాకా కళకళలాడతాయి. మార్చి సగం గడిచేసరికి కాడలు పసుపెక్కుతాయి, ఉగాది వచ్చేసరికి మొక్క ఎండిపోతుంది. ఇక టెన్షన్ మొదలు. నీళ్లు ఎక్కువయ్యాయా, తక్కువయ్యాయా, మట్టిలో పురుగు చేరిందా, ఎరువు చాల్లేదా? పక్క కుండీలో ఉన్న మందారం మాత్రం అదే ఎండలో, అదే నీళ్లతో కొత్త చిగురు వేస్తూనే ఉంటుంది.

ఇందులో పెంచినవాళ్ల తప్పు దాదాపు ఎప్పుడూ ఉండదు. ఆ రెండు మొక్కల బతుకు లెక్కలే వేరు. ఆ లెక్క తెలియక ఏటా ఎంతోమంది మిద్దె తోటల మీద ఆశ వదులుకుంటున్నారు. అందుకే ఈ విషయం కాస్త వివరంగా చెప్పాలనిపించింది.

మొక్కల ఆయుష్షును మూడు రకాలుగా చెప్పడం బడిలోనే చదువుకున్నాం. ఏకవార్షికం ఏడాదిలోపు మొలిచి, పూసి, గింజ కట్టి చనిపోతుంది. ద్వివార్షికం మొదటి ఏడాది ఆకులో, వేరులో, దుంపలో బలం దాచుకుని, రెండో ఏడాది పూసి చనిపోతుంది. బహువార్షికం ఏళ్ల తరబడి బతుకుతూ మళ్లీ మళ్లీ పూస్తుంది. విత్తనాల ప్యాకెట్ల మీద యాన్యువల్, బైయెన్నియల్, పెరెన్నియల్ అని రాసేది ఈ మూడింటినే. చెప్పుకోవడానికి తేలిగ్గానే ఉంది. గుంటూరు పెరట్లోకి దిగేసరికే చిక్కు పడుతుంది. ఏడాది పంటల జాబితాలో ఉండే మిరప కొన్ని ఇళ్లల్లో మూడేళ్లు కాస్తుంది. రెండేళ్ల మొక్కగా చెప్పే క్యాబేజీ మన దగ్గర ఎన్నాళ్లు ఉంచినా పూతకు రాదు. తన సొంత నేలలో ఏళ్లకేళ్లు బతకగల పెటూనియా మన ఇంట్లో నాలుగు నెలలు నిలవదు.

తోటపని పుస్తకాల్లోని జాబితాలు ఎక్కువగా మంచు కురిసే దేశాల్లో తయారయ్యాయి. అక్కడ మొక్కల బతుకులో అసలు గీత చలికాలం. నేల గడ్డకట్టిన రాత్రిని దాటితే బహువార్షికం, దాటకపోతే ఏడాది మొక్క కింద జమ. మన దగ్గర ఆ గీత లేదు. విజయవాడలో జనవరి రాత్రి కూడా మామూలుగా 17, 18 డిగ్రీల దగ్గరే ఉంటుంది. మన గీత మే నెలలో ఉంది, రోహిణి కార్తె ఎండలో ఉంది. అందువల్ల "ఈ మొక్క ఎన్నేళ్లు బతుకుతుంది" అని అడిగితే మనకు సరైన జవాబు దొరకదు. "దీన్ని చంపేది ఏది" అని అడగాలి. కొన్ని మొక్కలను వాటి గింజలే చంపుతాయి. కొన్నిటిని కాలం చంపుతుంది. కొన్నిటిని మనమే పీకేస్తాం. ఈ మూడూ విడదీసి చూస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది.

గింజలు చంపడం అంటే ఏమిటో చూడాలంటే డెల్టాలో మాగాణి మినుము చూడాలి. వరి కోతకు కొద్ది రోజుల ముందు, తడి ఆరని చేలో మినుములు చల్లుతారు. వరి కోసేసరికి మొలకలు లేస్తాయి. మిగిలిన తేమతో, మంచుతో పెరిగి 75 నుంచి 85 రోజుల్లో పంట చేతికొస్తుంది. కాయ నిండుతున్నకొద్దీ ఆకులు పసుపెక్కడం గమనించే ఉంటారు. అది తెగులు కాదు. ఆకుల్లో ఉన్న నత్రజనిని, పోషకాలను మొక్క తనంతట తానే వెనక్కి తీసి గింజలోకి పంపిస్తుంది. ఆకు ఖాళీ అవుతుంది, గింజ బరువెక్కుతుంది. ఆ దశలో ఎంత నీరు పెట్టినా, ఎంత యూరియా వేసినా మొక్క తిరిగి లేత కాదు. చావు దాని పథకంలోనే ఉంది.

బంతిదీ అదే దారి. విత్తనం వేసిన రెండు, రెండున్నర నెలలకు పూతకు వస్తుంది. దసరాకు పూలు కావాలంటే ఆషాఢ, శ్రావణాల్లో నారు పోయాలి. ధనుర్మాసంలో గొబ్బెమ్మలకు కావాలంటే మళ్లీ ఆశ్వయుజంలో ఇంకో విడత పోసుకోవాలి. ఒక్కసారి వేసి రెండు పండగలూ గడుపుదామనుకుంటే రెండోదానికి ముసలి మొక్కలే మిగులుతాయి. కాకపోతే బంతి ఆయుష్షును కొంత పొడిగించే ఉపాయం ఒకటి ఉంది. వాడిన పువ్వును మొక్క మీద ఉంచకుండా కోసేయడమే. పువ్వు గింజ కట్టే దాకా వెళ్తే, ఇక పని పూర్తయిందన్న సంకేతం మొక్క అంతటికీ అందుతుంది. గింజ పడకుండా చూస్తే పక్క కొమ్మల్లో ఇంకొన్ని మొగ్గలు లేస్తాయి. పూల రైతులు ఎలాగూ ఎప్పటికప్పుడు కోస్తుంటారు కాబట్టి వాళ్ల తోట ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఇంట్లో చూడ్డానికి అందంగా ఉందని మొక్క మీదే పువ్వు వదిలేస్తాం, మొక్క తొందరగా ముదిరిపోతుంది.

గోంగూర విషయంలో ఇంకో మెలిక ఉంది. ఇది కూడా ఏడాది మొక్కే, కానీ ఎప్పుడు పూయాలో వయసును బట్టి కాక పగటి పొడవును బట్టి తేల్చుకుంటుంది. పగలు కురచయ్యే రోజులు వచ్చాయంటే చిన్న మొక్క అయినా సరే పూతకు దిగుతుంది. జూన్‌లో వేసిన గోంగూర మనిషెత్తు పెరిగి నెలల తరబడి ఆకు ఇస్తుంది. అదే అక్టోబరులో వేస్తే జానెడు ఎత్తులోనే మొగ్గ తొడుగుతుంది, ఆకు చిన్నదైపోతుంది. నారకోసం పెంచే గోగును వానల ముందే విత్తడానికి కారణం కూడా ఇదే. కుండీలో గోంగూర ఎదగలేదని ఎరువు మార్చేవాళ్లు ముందు విత్తిన నెల చూసుకోవాలి.

ఇప్పుడు పెటూనియా దగ్గరకు వద్దాం. దాని పూర్వీకులు దక్షిణ అమెరికా మొక్కలు. మంచు, మండే ఎండ రెండూ లేని చోట ఒకే మొక్క ఏళ్లు నిలుస్తుంది. మంచు దేశాల వాళ్లు దాన్ని వేసవిలో పెంచుకుంటారు, చలి రాగానే పోతుంది. మనం చలికాలంలో పెంచుకుంటాం, ఎండ రాగానే పోతుంది. రెండు చోట్లా చంపింది కాలమే, మొక్క స్వభావం కాదు. కుక్కమూతి పువ్వులాంటి స్నాప్‌డ్రాగన్‌దీ ఇదే కథ. దాని పక్కనే అమ్మే ఫ్లాక్స్ మాత్రం నిజంగానే ఏడాది మొక్క, ఎంత చల్లగా ఉంచినా గింజ కట్టి వెళ్లిపోతుంది. నర్సరీలో వీటన్నిటినీ కలిపి "సీజనల్స్" అంటారు. ఆ మాట నాకు చాలా నచ్చుతుంది, వృక్షశాస్త్రం కన్నా మన వాతావరణానికి అదే సరిగ్గా అతుకుతుంది. సీజనల్ అని చెప్పి అమ్మిన మొక్కను ఏప్రిల్‌లో బతికించాలని గ్రీన్ నెట్లు కట్టి అవస్థ పడక్కర్లేదు. నవంబరులో కొంటే ఎక్కువ రోజులు చూసుకోవచ్చు. ఫిబ్రవరి చివర్లో కొంటే డబ్బు దండగ.

దీనికి సరిగ్గా ఎదురు బిళ్ళగన్నేరు. మడగాస్కర్ నుంచి వచ్చిన ఈ మొక్క మన గోడ పగుళ్లలో, రైలు కట్టల పక్కన, ఎవరూ నీరు పోయకపోయినా ఏళ్ల తరబడి పూస్తుంటుంది. చలి దేశాల్లో అదే మొక్కను ఏటా కొత్తగా కొని నాటుకుంటారు, మంచు పడగానే తీసి పారేస్తారు. మొక్క ఒకటే, ఆయుష్షు మాత్రం ఊరిని బట్టి మారిపోయింది. ఇంటర్నెట్‌లో చదివిన జాబితాను మన ఊళ్లో నమ్మేముందు దాన్ని ఏ ఊరి వాళ్లు రాశారో చూడాలనేది ఇందుకే.

బహువార్షికాల్లో మల్లెను మించిన ఉదాహరణ మనకు అక్కర్లేదు. మైలవరం చుట్టుపక్కల మల్లె తోటలు ఒకసారి నాటితే పదేళ్లకు పైగా పూలు ఇస్తాయి. చలికాలంలో నీరు కట్టడం ఆపేసి, ఆకు రాల్చి, కొమ్మలు కత్తిరిస్తారు. కొందరు ఆకు కోసం గొర్రెలను, మేకలను తోటలోకి వదులుతారు. తెలియనివాళ్లు చూస్తే తోట పాడుబెట్టారనుకుంటారు. తర్వాత ఎరువు వేసి నీరు పెట్టగానే ప్రతి కణుపు నుంచీ కొత్త కొమ్మ లేస్తుంది, ఆ లేత కొమ్మల చివర్లలోనే మొగ్గలు వస్తాయి. వేసవి మల్లెలంటే ఆ విశ్రాంతి ఇచ్చిన ఫలమే. కుండీలో మల్లె పూయడం లేదని అడిగేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట కూడా అదే: డిసెంబరులో దాన్ని కాస్త ఎండగట్టండి, కత్తిరించండి. అదే పని బంతికి చేస్తే చచ్చిపోతుంది.

ఒకే కత్తిరింపు ఒకదానికి ప్రాణం పోసి ఇంకోదాన్ని ఎందుకు చంపుతుంది? ఏడాది మొక్క పూతకు వచ్చే సమయానికి తన చిగురు మొగ్గలను దాదాపు అన్నిటినీ పూమొగ్గలుగా మార్చేస్తుంది. ఉన్నదంతా పెళ్లి ఖర్చుకే పెట్టేసిన ఇల్లులాంటిది అది, రేపటికి ఏమీ మిగలదు. బహువార్షికం కొన్ని మొగ్గలను మాత్రమే పూతకు ఇస్తుంది. మిగతావి కణుపుల్లో, కాండం మొదలు దగ్గర, భూమిలో నిద్రపోతూ ఉంటాయి. పూత అయిపోయాక, లేదా పై కొమ్మ కత్తిరించాక అవి లేస్తాయి. కాండంలో చెక్క ఉందా లేదా, మొక్క పెద్దదా చిన్నదా అనేవి ఇక్కడ ముఖ్యం కాదు. నిద్రపోయే మొగ్గ మిగిలిందా లేదా అన్నదే తేడా.

శాస్త్రవేత్తలు దీన్ని జన్యువుల దాకా వెళ్లి చూశారు. అరబిడాప్సిస్ అనే ఆవాల జాతి చిన్న మొక్క కొద్ది వారాల్లో పూసి చచ్చిపోయే అచ్చమైన ఏడాది మొక్క. 2008లో బెల్జియం పరిశోధకులు అందులో పూతను నడిపే రెండు జన్యువులు పనిచేయకుండా చేస్తే, అది ఒకసారి పూసి ఆగకుండా మళ్లీ ఆకు పెట్టింది, కాండం చెక్క తేలింది, నెలల తరబడి బతికింది. 2009లో జర్మనీలో జరిగిన పరిశోధన దాని దగ్గరి చుట్టమైన ఒక కొండ మొక్కను చూసింది. ఆ మొక్కలో ఒక జన్యువు చలి తర్వాత పూతకు తలుపు తీసి, కొంతకాలానికి మళ్లీ మూసేస్తుంది. అలా మూయడం వల్లే కొన్ని మొగ్గలు పూయకుండా తర్వాతి ఏడాదికి మిగులుతాయి. ఏడాది మొక్కకూ, ఏళ్ల మొక్కకూ మధ్య గోడ మనం అనుకున్నంత మందంగా లేదని ఈ పనులు చూపించాయి.

నిద్రపోయే మొగ్గ భూమిలో ఉంటే పైకి మొక్క చచ్చిపోయినట్టే కనిపిస్తుంది. మనవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. ఆగాకర తీగ చలికాలానికి ఎండిపోతుంది, కుండీ ఖాళీ చేసి మట్టి పారబోస్తారు. లోపల దుంప బతికే ఉంటుంది, తొలకరికి అదే మొలకెత్తేది. పసుపు కూడా అంతే. దుగ్గిరాల వైపు వానాకాలం మొదట్లో నాటిన పసుపు సంక్రాంతి రోజులకు ఆకు ఎండుతుంది, కొమ్ము తవ్వి తీస్తారు. తవ్వకపోతే వానలకు మళ్లీ పిలక లేస్తుంది. కందది, చేమది అదే స్వభావం. వాన పడిన రెండు మూడు రోజులకే గులాబీ రంగు పూలు పైకి పంపే వాన లిల్లీ కూడా గడ్డ దాచుకున్న మొక్కే. పూల బజారులో లిల్లీ పూలని అమ్మే తెల్లటి పొడుగు పూలమొక్కలో అయితే ఒక్కో గడ్డ ఒక్కసారే పూస్తుంది, కానీ దాని పక్కన పిల్ల గడ్డలు పుట్టి గుంపు బతుకుతుంది.

అరటి కూడా ఇదే కోవలోకి వస్తుంది. గెల వేసిన చెట్టు ఇక బతకదు, నరికేయడమే. అలాగని అరటిని ఏడాది మొక్క అనలేం. నేలలోని దుంప పక్క పిలకలతో కొనసాగుతుంది, తోట మూడు నాలుగు పంటలు ఇస్తుంది. చెరకులో మొక్క తోట, కార్శి తోట అని రైతులు చెప్పే తేడా కూడా ఇక్కడిదే. నాటిన ముచ్చె, అంటే చెరకు ముక్క నుంచి వచ్చింది మొక్క తోట, నరికిన మోళ్ల నుంచి లేచింది కార్శి.

ఇక మనం చంపేవి. గుంటూరు జిల్లా పొలాల్లో ఇవే ఎక్కువ.

మిరప స్వభావం చేత చిన్న పొద. మంచు పడని చోట నాలుగైదేళ్లు బతకగలదు. పెరట్లో బావి దగ్గరో, తొట్టి పక్కనో ఒంటరిగా ఉన్న మిరప చెట్టు మూడేళ్లుగా కాస్తోందని చెప్పేవాళ్లు మన ఊళ్లల్లో కనిపిస్తారు, అది వింత కాదు. మరి చేలో ఎందుకు ఏటా నారు పోస్తున్నారు? వర్షాకాలంలో నాటిన తోట జనవరి నుంచి ఏప్రిల్ దాకా కోతకు వస్తుంది, గుంటూరు మిర్చి యార్డు నిండుతుంది. తర్వాత కాలువలకు నీళ్లుండవు, ఎండ మండిపోతుంది. ఆ నీళ్ల లెక్క ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం పురుగు. తామర పురుగుతో పై ముడత, నల్లితో కింద ముడత, తెల్లదోమ మోసుకొచ్చే బొబ్బర తెగులు, ఇవన్నీ ఆకుపచ్చటి మిరప ఎక్కడ దొరికితే అక్కడ కాలక్షేపం చేస్తాయి. వేసవి అంతా తోట నిలిపి ఉంచితే కొత్త నారు పోసే వేళకు పురుగు సిద్ధంగా ఉంటుంది. 2021 తర్వాత నల్ల తామర పురుగు ఈ ప్రాంతపు మిరప రైతులను ఎంత ఏడిపించిందో చెప్పక్కర్లేదు. కాయ కోత అయ్యాక పాత తోట పీకి తగలబెట్టడమో, దున్నేయడమో చేసేది అందుకే. మిరపను ఏడాది మొక్కగా మార్చింది ప్రకృతి కాదు, ఈ లెక్కలే.

పత్తిదీ ఇదే కథ, ఇంకా గట్టిగా. కొన్ని ఇళ్లల్లో దీపం వత్తుల కోసం పెంచే దూది చెట్టు చూసే ఉంటారు. మనిషిని మించి పెరిగి, ఏళ్లపాటు కాయలు పగులుతూ ఉంటుంది. పొలంలోని పత్తి కూడా ఆ కుటుంబమే, వదిలేస్తే రెండో ఏడాది చిగురిస్తుంది. కానీ గులాబీ రంగు పురుగు పగలని కాయల్లో, ఎండు కట్టెలో దాక్కుని తర్వాతి పంటకు ఎక్కుతుంది. పత్తిని డిసెంబరు, జనవరికల్లా ముగించి కట్టె తీసేయమని వ్యవసాయ శాఖ ఏటా చెప్పేది ఈ గొలుసు తెంచడానికే. ధర బాగుందని ఇంకో కోత కోసం మార్చి దాకా ఉంచడం ఊరందరికీ నష్టం, ఈ విషయంలో నాకు రెండో మాట లేదు.

కంది, ఆముదం, వంగ కూడా స్వభావం చేత ఏళ్ల మొక్కలే. గట్టు మీద వదిలేసిన కంది మూడేళ్లు కాయడం మామూలే. ఇంటి తోటలో ఈ సంగతి బాగా పనికొస్తుంది. పొలంలో వద్దన్న పని పెరట్లో చేయవచ్చు. రెండు వంగ మొక్కలు, ఒక మిరప మొక్క ఉన్నచోట పురుగును చేత్తో తీసేయగలం, ముడత పట్టిన కొమ్మను తుంచేయగలం. కాపు తగ్గిన వంగను వేసవిలో మొదలుకు జానెడు పైన కొట్టేసి, నీడలో ఉంచి తడి ఆరకుండా చూస్తే తొలకరికి కొత్త కొమ్మలు వేసి కాస్తుంది. మిరప కూడా అంతే. రెండో ఏడాది కాయ కాస్త చిన్నదవుతుంది. ఆకు ముడుచుకుని గిడసబారిన మొక్కను మాత్రం నిలబెట్టే ప్రయత్నం చేయొద్దు, వైరస్ సోకిన మొక్క కోలుకోదు.

మునగలో జనం పడే అయోమయం వేరు. విత్తనాల దుకాణంలో ఏడాది మునగ అని ఇస్తారు. ఏడాదికి చచ్చిపోతుందని చాలామంది అనుకుంటారు. తమిళనాడులోని పెరియకుళంలో తయారైన పీకేఎం-1 లాంటి రకాలు ఇవి. గింజతో పెంచుతారు, ఏడాది తిరక్కుండానే కాయలు కోయొచ్చు, ఆ మాట వచ్చింది అందుకు. చెట్టు చచ్చేది లేదు. కాపు అయ్యాక మూడడుగుల ఎత్తులో మోడు కొడితే మళ్లీ చిగురించి ఇంకో మూడేళ్లు కాస్తుంది. పాత పెరటి మునగను కొమ్మ పాతి పెంచేవాళ్లం, అది కాపుకు రావడానికి ఎక్కువ సమయం తీసుకునేది. తేడా కాపుకు వచ్చే వేగంలో ఉంది, ఆయుష్షులో కాదు.

తులసి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది మనసుకు తగిలే విషయం. కోటలో తులసి ఎండిపోతే అపశకునమని ఇంట్లో పెద్దవాళ్లు బాధపడతారు. తులసి ఏళ్ల మొక్కే కానీ తక్కువ ఆయుష్షు ఉన్నది. పైగా పూజ మొక్క కదా అని వెన్నులు తుంచకుండా వదిలేస్తాం. వెన్నులన్నీ గింజ కడితే మొక్క బలం అటే పోతుంది, ఆకు రాలి కాడ చెక్కబారి ఎండిపోతుంది. లేత వెన్నులు ఎప్పటికప్పుడు తుంచుతుంటే అదే మొక్క రెండు మూడేళ్లు పచ్చగా ఉంటుంది. రెండు వెన్నులు మాత్రం గింజకు ఉంచుకుని, కోట పక్కనే ఇంకో కుండీలో నారు తయారుగా పెట్టుకోండి. ముసలి మొక్క వెళ్లిపోతే దాని పిల్ల ఆ చోటులోకి వస్తుంది. ఇందులో అశుభం ఏమీ లేదు.

ద్వివార్షికాలు మనకు కంటికి కనిపించని జాతి. క్యారట్, బీట్‌రూట్, క్యాబేజీ, ఉల్లి రోజూ వంటింట్లో ఉంటాయి, కానీ వాటి పువ్వు చూసినవాళ్లు ఎంతమంది? మొదటి ఏడాది అవి దాచుకున్న బలాన్నే మనం దుంపగా, గడ్డగా, ఆకుల ముద్దగా తింటున్నాం. దాన్ని కోయకుండా వదిలేసినా క్యాబేజీ గుంటూరులో పూయదు. దానికి ముందు చలి కావాలి. మొక్క కాస్త బలపడ్డాక 10 డిగ్రీలకు లోపు చలి వారాల తరబడి తగిలితేనే లోపల పూత తలుపు తెరుచుకుంటుంది. చలికాలం అయిపోయింది, ఇక పూయడం క్షేమం అని మొక్క తెలుసుకునే పద్ధతి అది. మన 18 డిగ్రీల రాత్రి దానికి చలి కిందే లెక్క కాదు. రెండో ఏడాది రాదు కాబట్టి మొక్క అలాగే ముదిరి, ఎండకు పగిలి, కుళ్లిపోతుంది. క్యాబేజీ విత్తనం కాశ్మీర్‌లో, హిమాచల్‌లోని కులూ లోయలో పండించేది ఈ కారణానికే. మన మిద్దె మీద క్యాబేజీకి విత్తనం కడదామని కాచుకుని కూర్చోవడం వృథా, ఏటా కొనుక్కోవాల్సిందే.

అయితే ఈ జాతిలోనూ మన మైదానాలకు అలవాటు పడ్డవి ఉన్నాయి. ఉత్తరాది ఎర్ర క్యారట్లు, పూసా కేసర్ లాంటివి, అక్కడి మైదానాల చలికే గింజ కడతాయి. చల్లదేశాల నారింజ రంగు క్యారట్‌కు కొండలు ఎక్కాలి. ఉల్లి అంత గట్టి చలి కోరదు, గడ్డను చలికాలంలో నాటితే మన దేశపు మైదానాల్లో చాలాచోట్ల పూగుత్తి లేస్తుంది. నిలవ ఉన్న ఉల్లిగడ్డ మొలకెత్తితే పారేయకుండా నవంబరులో కుండీలో పెట్టి చూడండి. ఉల్లికాడ ఎలాగూ దొరుకుతుంది, పిల్లలకు ఆ గుండ్రటి తెల్ల పూగుత్తి చూపించే అవకాశమూ ఉంటుంది. మన పాలకూర కూడా నిజానికి బీట్‌రూట్‌కు దగ్గరి చుట్టమే. ఆకు కోసుకున్నన్నాళ్లూ మళ్లీ వేస్తుంది, ఒకరోజు హఠాత్తుగా మధ్యలోంచి కాడ లేస్తుంది. ఆ తర్వాత ఆకు చిన్నదై చేదెక్కుతుంది. కాడ కనిపించిందంటే ఇక కొత్త విత్తనం వేసుకోవడమే.

ఒక్కసారే పూసి చచ్చిపోవడం ఒకటి రెండేళ్ల మొక్కలకే పరిమితం కాదు. ఈశాన్యంలోని ఒక జాతి వెదురు సుమారు 48 ఏళ్లకోసారి అడవంతా ఒకేసారి పూసి ఎండిపోతుంది. ఆ గింజలు తిని ఎలుకలు పెరిగి మిజోరంలో 1959లో కరువు వచ్చింది. మున్నార్ కొండల నీలకురింజి 12 ఏళ్లకోసారి పూస్తుంది, 2018లో పూసింది, ఇక 2030లో. తాటాకు గ్రంథాలకు ఆకు ఇచ్చిన శ్రీతాళం దశాబ్దాలు పెరిగి, ఒకే ఒక్క బ్రహ్మాండమైన పూగుత్తి వేసి ప్రాణం వదులుతుంది. వీటిని ఏళ్ల తరబడి బతికాయి కాబట్టి మందారం పక్కన పెట్టలేం. స్వభావంలో ఇవి బంతికి, మినుముకు దగ్గరి బంధువులు. గింజే చంపుతుంది, గడువు మాత్రం పొడుగు.

వరిని ఏ గదిలో పెట్టాలి? కోసిన మోళ్లకు నీరు తగిలితే మళ్లీ పిలకలు వేయడం డెల్టా రైతులందరికీ తెలుసు, అంటే అది పూర్తిగా ఏడాది మొక్క కాదు. చైనాలోని యునాన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఈ గుణాన్ని ఆఫ్రికా అడవి వరితో కలిపి బలపరిచి పీఆర్23 అనే రకాన్ని 2018లో విడుదల చేశారు. ఒకసారి నాటి, నాలుగేళ్లలో ఎనిమిది కోతలు కోశారు. ఒక్కో కోతకు హెక్టారుకు సగటున 6.8 టన్నులు వచ్చింది, ఏటా నాటిన వరికి 6.7. ఐదో ఏడాది దిగుబడి పడిపోయింది. నాట్ల కూలి మిగలడం చిన్న సంగతి కాదు. కానీ మన మాగాణిలో వరి తర్వాత మినుము ఉంది. వరి మోళ్లు బతికే ఉండాలంటే మినుముకు చోటు ఉండదు, వేసవిలో నీళ్లూ పెట్టాలి. కాలువలు కట్టేసే నెలల్లో ఆ నీళ్లు ఎక్కడివి? ఇది మనకు సరిపోతుందని ఎవరైనా చెబితే నేను ముందు ఈ రెండూ అడుగుతాను.

మిద్దె తోటకు ఈ లెక్కలన్నీ కుండీ కొనేదగ్గరే పనికొస్తాయి. బీర, సొర, కాకర, పొట్ల పందిరి ఎక్కే ఏడాది తీగలు. దొండ అదే పందిరి ఎక్కినా కొమ్మ ముక్కతో వచ్చి నాలుగేళ్లు ఉండే తీగ. వాటిని ఒకే తొట్టిలో కలిపి పెడితే బీర తీసేసేటప్పుడు దొండ వేరు తెగుతుంది. ఏళ్ల మొక్కలకు పెద్ద తొట్టెలు ఇచ్చి గోడవారగా, వేసవి మధ్యాహ్నం నీడ పడేచోట పెట్టండి. ఏడాది మొక్కలకు అంత లోతు అక్కర్లేదు, అవి మారుతూ ఉంటాయి కాబట్టి ముందు వరసలో పెట్టుకోవచ్చు. బంతి గింజ దాచుకునేవాళ్లు మామూలు నాటు రకానిదే దాచుకోండి, హైబ్రిడ్ ముద్దబంతి గింజ వేస్తే తల్లిలాంటి పువ్వు రాదు.

నర్సరీలో పేరు తెలియని మొక్క కనిపిస్తే అమ్మేవాళ్లను "ఇది గింజ మొక్కా, కొమ్మ మొక్కా, గడ్డా" అని అడగండి. కొమ్మతో, గడ్డతో పెంచింది దాదాపు ఎప్పుడూ ఏళ్ల మొక్కే. గింజ మొక్క అంటే రెండూ కావచ్చు, అప్పుడు కాండం మొదలు దగ్గర చూడండి. కింది కణుపుల్లో, మట్టి దగ్గర పిలకలు పొడుచుకొస్తుంటే నిలుస్తుంది. పై నుంచి కింద దాకా ప్రతి చివరా పూమొగ్గే ఉంటే సీజన్ మొక్క అనుకోవచ్చు.

ఈ రెండింటి మధ్య అందరూ పొరబడేది చామంతి దగ్గర. కార్తికం నుంచి సంక్రాంతి దాకా పూసి, ఎండిన పూలతో వాడిపోయినట్టు నిలబడుతుంది, దాన్ని బంతితో పాటు పీకేస్తారు. మొక్క మొదలు దగ్గర చూస్తే అప్పటికే పిలకలు లేచి ఉంటాయి. ఎండు కొమ్మలు కింది దాకా కోసేసి, వేసవి అంతా నీడలో ఉంచి రోజు విడిచి రోజు తడపండి. జూన్‌లో ఆ పిలకలను వేరుతో విడదీసి కొత్త మట్టిలో నాటండి. చివర్లు రెండుసార్లు గిల్లితే గుబురవుతుంది. పగలు కురచయ్యాక మొగ్గ తొడుగుతుంది.